సింబల్స్ చదువుతూ స్తంభించిపోయే డీబగ్గర్‌కు రిగ్రెషన్ పరీక్ష రాయడం: జీడీబీ ఆధారంగా సమగ్ర మార్గదర్శి

పెద్ద ప్రోగ్రామును జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచినప్పుడు ‘రీడింగ్ సింబల్స్ ఫ్రమ్’ అన్న వరుస తెరమీద పడి, ఆ తరువాత ప్రాంప్ట్ రాకుండా నిమిషాల తరబడి ఉండిపోవడం సీ++లో పనిచేసేవారిలో చాలామంది ఎరిగిన ఇబ్బందే. ఈ లోపాన్ని సరిదిద్దడం ఒక ఎత్తయితే, అది మరో రెండేళ్లకు ఇంకో మార్పుతో తిరిగి రాకుండా కాపలా కాసే పరీక్షను రాయడం మరో ఎత్తు. తప్పు జవాబు ఇచ్చే ప్రోగ్రామును పట్టుకోవాలంటే ఆ జవాబును సరైన జవాబుతో పోల్చితే చాలు. అసలు జవాబే ఇవ్వని ప్రోగ్రాము విషయంలో పోల్చడానికి ఏమీ ఉండదు. అందుకే చాలామంది ‘ఇన్ని సెకన్లలో ముగియకపోతే విఫలం’ అని ఒక గడువు పెట్టి ఊరుకుంటారు. గడియారాన్ని మాత్రమే నమ్ముకున్న అటువంటి పరీక్ష నెమ్మదైన యంత్రం మీద అకారణంగా విఫలమవుతుంది, వేగమైన యంత్రం మీద నిజమైన లోపాన్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది. స్తంభన ఏ రకానిదో ముందుగా తేల్చుకుని, ఆ రకానికి తగిన పరీక్షను రాయాలన్నదే ఈ మార్గదర్శి ఉద్దేశం. లినక్స్ మీద జీడీబీ, డ్వార్ఫ్ సమాచారం (డీబగ్గర్ కోసం కంపైలర్ రాసిపెట్టే వివరాలు), ఎల్ఫ్ ఫైళ్లు (లినక్స్ ప్రోగ్రాము ఫైళ్ల రూపం) ఇక్కడ ఆధారం.

జీడీబీ సింబల్స్‌ను, అంటే ఫంక్షన్లు, వేరియబుళ్ల వంటి వాటి పేర్లూ వివరాలను, ఒకే విడతలో చదవదన్న సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి. మొదట ఎల్ఫ్ సింబల్ పట్టిక నుంచి పేర్లు, చిరునామాలు మాత్రమే ఉన్న కనీస సింబల్స్‌ను తయారు చేసుకుంటుంది. తరువాత డ్వార్ఫ్ సమాచారాన్ని పైపైన చదివి, ఏ పేరు ఏ కంపైలేషన్ యూనిట్‌లో (ఒక సోర్స్ ఫైలును కంపైల్ చేస్తే వచ్చే భాగంలో) ఉందో చెప్పే సూచికను కట్టుకుంటుంది. ఏదైనా యూనిట్ వివరాలు నిజంగా అవసరమైనప్పుడే దాన్ని పూర్తిగా విస్తరిస్తుంది. 2023లో వచ్చిన జీడీబీ 13 ఈ సూచిక కట్టే భాగాన్ని కొత్తగా తిరగరాసి, పనిని అనేక థ్రెడ్లకు పంచింది. 2024లో వచ్చిన జీడీబీ 15 ఆ పనిని తెర వెనుకకు పంపి, ప్రాంప్ట్‌ను ముందే చూపించడం మొదలుపెట్టింది. ఈ రెండు మార్పుల వల్ల పాత వెర్షన్లకు రాసిన పరీక్ష కొత్త వెర్షన్లలో అర్థం మారిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి మూడో మెట్టులో మళ్లీ వస్తుంది.

మొదటి మెట్టు: స్తంభన ఏ రకానిదో తేల్చడం

బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపించే స్తంభనలు లోపల మూడు రకాలుగా ఉంటాయి. ఎప్పటికీ ముగియని చక్రంలో పడిపోవడం మొదటిది. పని ముందుకు సాగుతున్నా, సమాచారం పెరిగిన కొద్దీ పట్టే సమయం వర్గ నిష్పత్తిలో పెరిగిపోవడం రెండోది. నెట్‌వర్క్ కోసమో, తాళం కోసమో, వినియోగదారు జవాబు కోసమో ఎదురుచూస్తూ కూర్చోవడం మూడోది.

మూడో రకాన్ని ముందుగా తోసిపుచ్చడం మంచిది, ఎందుకంటే దాన్ని గుర్తించడం తేలిక. ‘టాప్’లో ప్రాసెస్ స్థితి చూడండి. ‘ఎస్’ అని ఉండి ప్రాసెసర్ వాడకం సున్నాకు దగ్గరగా ఉంటే అది ఎదురుచూపే. 2020లో వచ్చిన జీడీబీ 10 నుంచి డీబగ్‌ఇన్ఫోడ్ సర్వర్ల ద్వారా డీబగ్ సమాచారాన్ని దింపుకునే సదుపాయం ఉంది. స్పందించని సర్వర్ కోసం ఆ లైబ్రరీ మామూలుగా 90 సెకన్ల దాకా ఆగుతుంది, ఒక్కో షేర్డ్ లైబ్రరీకి ఇలా ఆగితే వినియోగదారుకు అది అంతులేని స్తంభనలాగే కనిపిస్తుంది. ఇంటరాక్టివ్‌గా నడిపినప్పుడు డీబగ్‌ఇన్ఫోడ్‌ను వాడమంటారా అని జీడీబీ అడిగే ప్రశ్న, మరో ఎడిటర్ వెనుక నడుస్తున్నప్పుడు తెరమీదికే రాకపోవచ్చు. జీడీబీ 15 తరువాతి వెర్షన్లలోనైతే థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగిపోయిన సందర్భాన్ని కూడా ఈ రకంలోనే లెక్కించాలి.

ప్రాసెస్ స్థితి ‘ఆర్’ అని ఉండి ఒక కోర్ పూర్తిగా వాడుకలో ఉంటే మొదటి రెండు రకాలను వేరు చేయాలి. ఇందుకు స్తంభించిన జీడీబీకి మరో జీడీబీని అటాచ్ చేసి, అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్‌లను (ఆ క్షణాన ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపే జాబితాలను) కొన్ని సెకన్ల ఎడంతో మూడు నాలుగు సార్లు తీయండి. ఉబుంటులో యామా అనే కెర్నెల్ రక్షణ వల్ల మామూలు వినియోగదారుకు అటాచ్ చేయడానికి అనుమతి దొరకకపోతే సుడోతో చేయాలి. అటాచ్ చేసే జీడీబీ పాతదీ నమ్మకమైనదీ కావాలి. పరీక్షిస్తున్న జీడీబీనే వాడితే అది కూడా తన సింబల్స్ చదువుతూ ఆగిపోవచ్చు. బ్యాక్‌ట్రేస్‌లో ఫంక్షన్ పేర్లు చూసి సరిపెట్టుకోకుండా ఆర్గ్యుమెంట్ల విలువలు చూడాలి. ప్రస్తుతం చదువుతున్న కంపైలేషన్ యూనిట్ డీబగ్ సెక్షన్‌లో ఎంత దూరంలో ఉందో చెప్పే ఆఫ్‌సెట్ ఒక నమూనా నుంచి మరో నమూనాకు పెరుగుతూ ఉంటే పని సాగుతున్నట్టే, అంటే అది రెండో రకం. అదే ఆఫ్‌సెట్, అవే రెండు మూడు డ్వార్ఫ్ ఎంట్రీల (ఒక్కో టైపునో, వేరియబుల్‌నో వర్ణించే నమోదుల) చిరునామాలు మళ్లీ మళ్లీ వస్తుంటే అది మొదటి రకం. ఈ ఆఫ్‌సెట్‌ను రాసిపెట్టుకోండి, అయిదో మెట్టులో దాని విలువ తెలుస్తుంది.

రెండో మెట్టు: పరిసరాలను కట్టుదిట్టం చేయడం

పరీక్ష ప్రతిసారీ ఒకే పనిని చేయాలంటే జీడీబీ తనంతట తాను వెతుక్కునే వాటన్నిటినీ మూసివేయాలి. వినియోగదారు ప్రారంభ ఫైళ్లను చదవకుండా ‘-ఎన్‌ఎక్స్’ ఇవ్వండి. డీబగ్‌ఇన్ఫోడ్ సర్వర్ల చిరునామాలు ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను తీసేయండి. ‘సెట్ ఆటో-లోడ్ ఆఫ్’ అనే కమాండ్‌తో ప్రోగ్రాము వెంట వచ్చే స్క్రిప్టులను, ‘సెట్ డీబగ్-ఫైల్-డైరెక్టరీ’ని ఖాళీ డైరెక్టరీ వైపు తిప్పి విడిగా ఉన్న డీబగ్ ఫైళ్లను పక్కకు పెట్టండి. ఇవన్నీ ఫైలు తెరవడానికి ముందే అమలు కావాలి కాబట్టి ‘-ఈఎక్స్’ ద్వారా కాక ‘-ఐఈఎక్స్’ ద్వారా ఇవ్వాలి; చాలా స్క్రిప్టుల్లో ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల, సెట్టింగ్ అమలయ్యే సరికి సింబల్స్ చదవడం మొదలైపోయి ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఇండెక్స్ క్యాష్. అది ఆన్‌లో ఉంటే జీడీబీ మొదటిసారి కట్టిన సూచికను హోమ్ డైరెక్టరీలో దాచుకుని, రెండోసారి దాన్నే తెచ్చుకుంటుంది. అప్పుడు మీరు పరీక్షించాలనుకున్న కోడ్ నడవనే నడవదు, పరీక్ష మాత్రం చక్కగా నెగ్గుతుంది. ‘సెట్ ఇండెక్స్-క్యాష్ ఎనేబుల్డ్ ఆఫ్’ అని తప్పనిసరిగా ఇవ్వండి. అలాగే పరీక్షిస్తున్న ఫైల్‌లోనే సూచిక సెక్షన్ ముందుగా ఉందేమో, ఎల్ఫ్ ఫైలు లోపలి భాగాలను చూపే రీడ్‌ఎల్ఫ్‌తో చూసుకోండి.

మూడో మెట్టు: నడిపే స్క్రిప్టు

జీడీబీని బ్యాచ్ పద్ధతిలో నడిపి, సింబల్స్ పూర్తిగా చదివేలా చేసి, చివర ఒక గుర్తు వాక్యాన్ని ‘ఎకో’తో అచ్చువేయించండి. గెలుపోటములను జీడీబీ నిష్క్రమణ కోడ్‌తో కాక ఈ గుర్తు వాక్యం ఉందా లేదా అన్నదానితో తేల్చాలి.

‘పూర్తిగా చదివేలా’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. జీడీబీ 15 నుంచి ఫైలు తెరవగానే ప్రాంప్ట్ వచ్చేస్తుంది కాబట్టి, ఫైలు తెరిచి మూసేసే పరీక్ష సూచిక కట్టడం ముగిసిందో లేదో చెప్పలేదు. అందుకని ‘మెయింట్ సెట్ డ్వార్ఫ్ సింక్రనస్ ఆన్’ అనే కమాండ్‌ను ‘-ఐఈఎక్స్’తో ఇచ్చి, చదవడాన్ని ముందుకు తెచ్చుకోవాలి. ‘మెయింట్ సెట్ వర్కర్-థ్రెడ్స్ 0’ కూడా ఇస్తే పని అంతా ఒకే థ్రెడ్‌లో జరిగి బ్యాక్‌ట్రేస్‌లు చదవడం తేలికవుతుంది. లోపం సూచిక కట్టే దశలో ఉంటే ఇంతవరకూ చాలు. విస్తరణ దశలో ఉంటే ‘మెయింట్ ఎక్స్‌పాండ్-సిమ్‌టాబ్స్’కు అనుమానిత సోర్స్ ఫైలు పేరు ఇచ్చి ఆ ఒక్క యూనిట్‌ను విస్తరింపజేయండి. ‘-రీడ్‌నౌ’ ఇస్తే అన్నీ విస్తరిస్తాయి, కానీ మంచి వెర్షన్‌లోనూ అది ఎంతో సమయం తీసుకోవడంతో మంచికీ చెడుకీ మధ్య తేడా మసకబారుతుంది.

గడువు విధించడానికి కోర్‌యుటిల్స్‌లోని ‘టైమ్‌అవుట్’ సరిపోతుంది, అయితే దానితో రెండు చిక్కులున్నాయి. మొదటిది, టైమ్‌అవుట్ తాను నడిపే ప్రోగ్రామును వెనుక గుంపులో పెడుతుంది. అక్కడి నుంచి జీడీబీ టెర్మినల్‌ను ముట్టుకోబోతే కెర్నెల్ దాన్ని ఆపేస్తుంది, మీరేమో డీబగ్గర్ స్తంభించిందనుకుంటారు. ఇన్‌పుట్‌ను డెవ్ నల్ నుంచి ఇచ్చి, అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించండి. రెండోది, టైమ్‌అవుట్ మొదట పంపేది టర్మ్ సిగ్నల్. జీడీబీ ఆ సిగ్నల్‌ను తానే అందుకుని, వీలు చిక్కినప్పుడు ముగిద్దామని గుర్తు పెట్టుకుంటుంది; ఆగమన్నారా అని మధ్యమధ్య చూసుకునే క్విట్ పరిశీలన లేని చక్రంలో చిక్కుకున్నప్పుడు ఆ వీలు ఎప్పటికీ చిక్కదు. కంట్రోల్-సీ కూడా పనిచేయకపోవడానికి కారణం ఇదే. అందుకే ‘-కే’ ఆప్షన్‌తో కొన్ని సెకన్ల తరువాత కిల్ సిగ్నల్ కూడా వెళ్లేలా చూడాలి.

దీనికి తోడు మెమరీకి ఒక హద్దు పెట్టండి. అంతులేని చక్రాలలో కొన్ని తిరుగుతూ తిరుగుతూ మెమరీని మింగేస్తాయి, స్వాప్‌లోకి వెళ్లిన యంత్రం మీద మిగతా పరీక్షలన్నీ కూడా విఫలమవుతాయి. ‘యులిమిట్ -వీ’ ఇందుకు సరిపోతుంది. మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కట్టిన జీడీబీకి మాత్రం ఈ హద్దు పనికిరాదు, ఎందుకంటే అది మొదట్లోనే విపరీతమైన వర్చువల్ మెమరీని తన కింద రాసిపెట్టుకుంటుంది.

నాలుగో మెట్టు: లోపం ఎక్కడ చొరబడిందో కనుక్కోవడం

జీడీబీ, బైన్‌యుటిల్స్ ఒకే గిట్ రిపాజిటరీలో ఉంటాయి కాబట్టి కాన్ఫిగర్ చేసేటప్పుడు అసెంబ్లర్, లింకర్, బైన్‌యుటిల్స్ భాగాలను ఆపేసి, పాత కంపైల్ ఫలితాలను దాచి మళ్లీ వాడే సీక్యాష్ వాడితే ప్రతి బిల్డ్ చాలా త్వరగా ముగుస్తుంది. విడుదల ట్యాగులు విడి శాఖల మీద ఉంటాయి. వాటిని నేరుగా మంచి, చెడు కొసలుగా ఇవ్వడం కంటే ప్రధాన శాఖ మీదే ఉండే బ్రాంచ్‌పాయింట్ ట్యాగులను ఇస్తే వెతుకులాట తిన్నగా సాగుతుంది.

మంచి, చెడు కమిట్‌ల మధ్యను సగం సగం చేస్తూ వెతికే ‘గిట్ బైసెక్ట్ రన్’కు ఇచ్చే స్క్రిప్టులో నిష్క్రమణ కోడ్‌ల విషయంలో అప్రమత్తంగా ఉండాలి. దాని దృష్టిలో 0 అంటే మంచిది, 125 అంటే ఈ కమిట్‌ను వదిలేయమని, 1 నుంచి 127 వరకు మిగిలినవన్నీ చెడు, 128, అంతకు మించినవి వస్తే వెతుకులాట మొత్తం ఆగిపోతుంది. టైమ్‌అవుట్ మామూలుగా 124 ఇస్తుంది, అది చెడు కిందికి వస్తుంది, బాగానే ఉంది. కానీ కిల్ సిగ్నల్ దాకా వెళ్లినప్పుడు అది ఇచ్చేది 137. అంటే మీరు వెతుకుతున్న అసలైన మొండి స్తంభన ఎదురైన క్షణాన్నే బైసెక్ట్ ఆగిపోతుందన్నమాట. కాబట్టి 124, 137 రెండింటినీ స్క్రిప్టులోనే 1గా మార్చండి. బిల్డ్ విఫలమైతే 125 ఇవ్వండి. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలితే వచ్చే 139ని ఏం చేయాలన్నది లోపాన్ని బట్టి నిర్ణయించుకోవాలి: అంతులేని రికర్షన్ ఒక వెర్షన్‌లో స్టాక్ నిండి కూలడంగానూ, మరో వెర్షన్‌లో చక్రంగానూ కనిపించవచ్చు, అటువంటప్పుడు అది చెడే, సంబంధం లేని కూలడమైతే 125తో దాటవేయడం ఉత్తమం.

అయిదో మెట్టు: ఫైలును కుదించడం

మీ సంస్థకు చెందిన రెండు గిగాబైట్ల ప్రోగ్రాము ఫైలును ఎవరి పరీక్షల సముదాయంలోనూ చేర్చలేము. మొదటి మెట్టులో రాసిపెట్టుకున్న ఆఫ్‌సెట్‌ను ఇప్పుడు బయటికి తీసి, రీడ్‌ఎల్ఫ్‌తోనో, ఎల్‌ఎల్‌వీఎమ్ డ్వార్ఫ్‌డంప్‌తోనో ఆ చోట ఉన్న యూనిట్ ఏ సోర్స్ ఫైలుదో చూడండి. మొదటి రకపు లోపమైతే తరచుగా ఆ ఒక్క ఆబ్జెక్ట్ ఫైలు చాలు. ఒకే చోట నిలబడని లోపమైతే ఆబ్జెక్ట్ ఫైళ్లలో సగం వాటి డీబగ్ సమాచారాన్ని స్ట్రిప్‌తో తీసేసి మళ్లీ లింక్ చేయండి. స్తంభన ఇంకా వస్తుంటే మిగిలిన సగంలో మళ్లీ సగం తీయండి. డ్వార్ఫ్‌డంప్‌లోని వెరిఫై ఆప్షన్ సమాచారంలోని తప్పులను కొన్నిసార్లు నేరుగా చూపిస్తుంది.

ఈ దశలో సమాచారం ఎలా తయారైందో కూడా గమనించండి. డ్వార్ఫ్ 5 ప్రమాణం 2017లో వెలువడింది, 2021లో వచ్చిన జీసీసీ 11 దాన్నే డిఫాల్ట్‌గా తీసుకుంది. కంపైలర్ మార్చిన తరువాతే స్తంభన మొదలైతే, డ్వార్ఫ్ 4తో అదే సోర్స్‌ను కంపైల్ చేసి చూడటం వల్ల సగం అనుమానాలు తీరతాయి. డ్వార్ఫ్ సమాచారాన్ని కుదించే డీడబ్ల్యూజెడ్‌తో కుదించిన ఫైళ్లలో ఒక పాక్షిక యూనిట్‌ను వందల యూనిట్లు దిగుమతి చేసుకుంటాయి కాబట్టి, చూసిన యూనిట్‌నే తిరిగి తిరిగి చూసే లోపాలు అక్కడ బాగా బయటపడతాయి.

ఆరో మెట్టు: పరీక్షల సముదాయంలో పరీక్ష రాయడం

జీడీబీ పరీక్షలు డెజాగ్నూ (పరీక్షలను నడిపే చట్రం), ఎక్స్‌పెక్ట్ (ప్రోగ్రాముతో సంభాషించే సాధనం), టీసీఎల్ (స్క్రిప్టు భాష)ల మీద నడుస్తాయి. డ్వార్ఫ్‌కు సంబంధించినవి జీడీబీ డాట్ డ్వార్ఫ్2 అనే డైరెక్టరీలో ఉంటాయి. సీ++ సోర్స్‌ను అలాగే పరీక్షగా పెడితే రేపు కంపైలర్ వేరే రకంగా డ్వార్ఫ్ తయారుచేసినప్పుడు పరీక్ష పేరుకు మిగిలినా పస ఉండదు. అందుకే ఆ డైరెక్టరీ పరీక్షలు వాడే డ్వార్ఫ్ అసెంబ్లర్‌తో, అంటే ఎంట్రీలను టీసీఎల్‌లోనే ఒక్కొక్కటిగా వర్ణించే సదుపాయంతో రాయాలి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఒక క్లాస్ ఎంట్రీలో స్పెసిఫికేషన్ అనే ఆట్రిబ్యూట్ ఉంటుంది. ‘నా అసలు ప్రకటన ఫలానా చోట ఉంది, అక్కడ చూడు’ అని అది చెబుతుంది. చెడిపోయిన ఫైల్‌లో అది తననే చూపిస్తే, పేరు కోసం వెతికే కోడ్ అదే ఎంట్రీ దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. దీన్ని పరీక్షించడానికి ఒక కంపైలేషన్ యూనిట్‌లో రెండు ఎంట్రీలు చాలు. మొదటిదానికి ఒక లేబుల్ పెట్టి, దాని స్పెసిఫికేషన్ ఆ లేబుల్‌నే చూపేలా రాయండి. రెండోది ఏ దోషం లేని మామూలు వేరియబుల్. ఈ రెండోది అనవసరమనిపించవచ్చు గాని, నా దృష్టిలో పరీక్షకు ప్రాణం అదే. చెడ్డ ఎంట్రీని చూడగానే ఫైలు మొత్తాన్ని చదవడం మానేసే ‘పరిష్కారం’ కూడా స్తంభనను పోగొడుతుంది. ఆ తరువాత వచ్చే మంచి వేరియబుల్ టైప్‌ను ‘పీటైప్’ సరిగ్గా చూపిస్తేనే అది నిజమైన పరిష్కారం. రెండు ఎంట్రీలు ఒకదాన్నొకటి చూపించుకునే రకం కూడా ఉంటుంది కనుక దాన్ని కూడా చేర్చండి. తననే చూపించే ఎంట్రీని మాత్రమే గుర్తుపట్టే పరిష్కారం దాని ముందు నిలవదు.

రాసేటప్పుడు ఒక విషయం మరవకూడదు. సముదాయంలోని మామూలు సహాయక ప్రొసీజర్లు ప్రోగ్రామును కంపైల్ చేసి, జీడీబీని మొదలుపెట్టి, ఫైలును తెరవడం వరకూ ఒకేసారి చేసేస్తాయి. తెరిచేటప్పుడే స్తంభన వస్తే ఫలితం ఫెయిల్ అని కాక అన్‌రిజాల్వ్‌డ్ అని నమోదవుతుంది, తొందరలో ఉన్నవారు దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. ఎగ్జిక్యూటబుల్‌ను విడిగా కట్టి, ఖాళీ జీడీబీని మొదలుపెట్టి, ‘ఫైల్’ కమాండ్‌ను పేరున్న ఒక పరీక్షగా మీరే పంపండి. అప్పుడు గడువు దాటితే స్పష్టంగా ఫెయిల్ వస్తుంది. డెజాగ్నూ మామూలు గడువు 10 సెకన్లు. మొదటి రకపు లోపానికి అది ధారాళం, పెంచవలసిన పని లేదు. పరీక్షను ‘మేక్ చెక్’కు టెస్ట్స్ వేరియబుల్ ద్వారా ఒంటరిగా నడిపి, జీడీబీ డాట్ లాగ్ ఫైలును మొదటి నుంచి చివర దాకా ఒకసారి చదవండి.

ఏడో మెట్టు: రెండో రకపు స్తంభనకు పెరుగుదలను కొలవడం

వర్గ నిష్పత్తిలో పెరిగే లోపానికి గడువు ఎంత పెట్టినా అది ఊహే. ఇక్కడ కొలవాల్సింది సమయాన్ని కాదు, పెరుగుదల తీరును. ఒక చిన్న స్క్రిప్టుతో కావలసినన్ని టైపులు లేదా యూనిట్లు ఉన్న ఫైలును తయారుచేసి, ఒకసారి ఒక పరిమాణంతో, మరోసారి దానికి రెట్టింపుతో జీడీబీని నడపండి. పని సరళ నిష్పత్తిలో ఉంటే ఖర్చు రెండింతలకు దగ్గరగా, వర్గ నిష్పత్తిలో ఉంటే నాలుగింతలకు దగ్గరగా వస్తుంది. మధ్యన మూడింతల దగ్గర గీత గీస్తే రెండు వైపులా తగినంత ఎడం ఉంటుంది, సార్టింగ్ వంటి పనుల వల్ల రెండుకు కాస్త మించినా పరీక్ష తడబడదు.

ఖర్చును సెకన్లలో కాక, లినక్స్ కొలత సాధనమైన పెర్ఫ్ స్టాట్ చూపించే యూజర్ ఇన్‌స్ట్రక్షన్ల (ప్రోగ్రాము తానుగా నడిపిన ప్రాసెసర్ ఆదేశాల) సంఖ్యలో కొలవండి. పక్కన ఇంకేమి నడుస్తున్నా ఆ సంఖ్య పెద్దగా కదలదు. వర్చువల్ మెషీన్‌లో పెర్ఫ్ అందుబాటులో లేకపోతే వాల్‌గ్రైండ్‌లోని కాల్‌గ్రైండ్ అదే పని నెమ్మదిగా చేసిపెడుతుంది. ఖాళీ ప్రోగ్రామును తెరవడానికి జీడీబీ చేసే పనిని ముందుగా కొలిచి, రెండు లెక్కల నుంచీ తీసివేయడం తప్పనిసరి. ఉదాహరణకు ప్రారంభ ఖర్చు 100 ప్రమాణాలు, అసలు పని 10 నుంచి 40కి పెరిగిందనుకుందాం. తీసివేయకుండా చూస్తే 110 నుంచి 140కి, అంటే ఏమంత పెరగనట్టు కనిపిస్తుంది. తీసివేస్తే నాలుగింతలు బయటపడతాయి. ప్రారంభ ఖర్చు కంటే అసలు పని చాలా ఎక్కువయ్యేలా మొదటి పరిమాణాన్ని ఎంచుకుంటే ఇంకా మంచిది.

ఎనిమిదో మెట్టు: పరీక్ష విఫలం కాగలదని రుజువు చేయడం, రూపాంతరాలలో నడపడం

సరిదిద్దిన కమిట్‌కు ముందున్న కమిట్‌ను కట్టి, కొత్త పరీక్షను అక్కడ నడపండి. అక్కడ ఫెయిల్ రాకపోతే ఆ పరీక్ష దేనికీ కాపలా కాయడం లేదు, చేర్చవద్దు. పాత బైనరీ మీద నడిపిన తరువాత వదిలేసిన జీడీబీ ప్రాసెస్‌లు ప్రాసెసర్‌ను తింటూ మిగిలిపోలేదని కూడా చూసుకోండి.

ఆ తరువాత టార్గెట్ బోర్డులు, అంటే అవే పరీక్షలను వేరే రకంగా కట్టి నడిపించే సిద్ధ అమరికలు. జీడీబీ సూచిక సెక్షన్ ఉన్న ఫైలును, డీబగ్ నేమ్స్ అనే డ్వార్ఫ్ 5 సూచిక ఉన్న ఫైలును, డీడబ్ల్యూజెడ్ కుదించిన ఫైలును చదివే మార్గాలు లోపల వేరువేరు. సూచిక కట్టే కోడ్‌లో సరిదిద్దిన లోపం, సూచికను చదివే కోడ్‌లో అలాగే ఉండిపోవచ్చు. ఈ మూడింటికీ, రీడ్‌నౌకు, విడదీసిన డ్వార్ఫ్‌కు సిద్ధంగా బోర్డులు ఉన్నాయి, వాటి పేరును రన్‌టెస్ట్‌ఫ్లాగ్స్‌లో ఇస్తే చాలు. వర్కర్ థ్రెడ్లు లేకుండా ఒకసారి, డిఫాల్ట్ సంఖ్యతో ఒకసారి నడపండి. మూడో మెట్టులో విశ్లేషణ కోసం థ్రెడ్లను ఆపేశాం గాని, వినియోగదారులు వాడేది థ్రెడ్లతోనే. చివరగా ‘మేక్ చెక్-రీడ్1’ నడపండి. ఎక్స్‌పెక్ట్ ఒక్కో అక్షరంగా చదివేలా చేసే ఈ పద్ధతిలో, పరీక్షలోని ప్యాటర్న్‌లు అదృష్టవశాత్తు నెగ్గుతున్నాయా, నిజంగా సరైనవేనా అన్నది తెలిసిపోతుంది.

కమిట్ సందేశంలో స్తంభన ఏ దశలో వచ్చింది, మొదటి రకమా రెండోదా, ముందున్న కమిట్ మీద ఏ పరీక్ష పేరుతో ఫెయిల్ వచ్చింది, ఏ బోర్డుల మీద నడిపి చూశారు అన్న నాలుగు విషయాలూ రాయండి. ఏదో ఒక రోజు ప్రతి మార్పునూ తనంతట తాను పరీక్షించే నిరంతర సమీకరణ (సీఐ) యంత్రం మీద ఈ పరీక్ష గడువు దాటితే, దాన్ని చూసే వ్యక్తి గడువును పెంచే ముందు మొదట చదివేది ఆ సందేశాన్నే.